అప్‌డేట్: మొరాయించిన జనరేటర్ మళ్లీ అందుకుంది

నాలుగు నెలలు మూలన పడి ఉన్న చిన్న పెట్రోల్ జనరేటర్ స్టార్ట్ కావడం లేదని, చోక్ వేస్తే రెండు క్షణాలు దగ్గి ఆగిపోతోందని అడిగాను కదా. కారణం దొరికింది.

స్పార్క్ ప్లగ్ మార్చమన్నవారే ఎక్కువ. మార్చాను కూడా, ఫలితం సున్నా. చివరికి కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) అడుగున ఉండే గిన్నె విప్పితే పాత పెట్రోలు తేనెరంగు జిగురులా అంటుకుని ఉంది. పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రమున్న మెయిన్ జెట్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలిపక్క ఏమీ కనిపించలేదు. క్లీనర్ కొట్టి, సన్నని రాగి తీగతో మెల్లగా పొడిచాక సూదిమొనంత వెలుగు కనబడింది. ఉక్కు తీగ వద్దు, రంధ్రం గీసుకుపోతుంది. కొత్త పెట్రోలు పోసి మూడోసారి తాడు లాగగానే అందుకుంది!

పనిలో పనిగా ఆయిల్ చూస్తే తారులా ఉంది. ఈ చిన్న ఇంజిన్లలో చాలావాటికి ఆయిల్ ఫిల్టరే ఉండదు. అందుకే కొత్తదానికి సాధారణంగా మొదటి 20 గంటలకే, తర్వాత సుమారు 100 గంటలకోసారి మార్చమంటారు. ఆ మొదటిది కూడా నేను మార్చలేదు, తిట్టాలనుకుంటే తిట్టండి. ఇంజిన్ కాస్త వెచ్చగా ఉండగానే వంచితే మడ్డితో సహా దిగింది. ఎయిర్ ఫిల్టర్ స్పాంజిని సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టాను.

ఇప్పుడు పక్కన పెట్టే ముందు గిన్నెలో పెట్రోలు మిగలకుండా కుళాయి కట్టేసి, దానంతట అదే ఆగిపోయేదాకా నడుపుతున్నాను. నెలకోసారి ఆరుబయట పెట్టి, సగం లోడుతో 20 నిమిషాలు తిప్పుతున్నాను. నిన్న మొదటి లాగుడుకే పలికింది.