డర్ట్ ట్రాక్ కారు రోల్ కేజ్‌కి 1.5 మి.మీ. పైపు సరిపోతుందా?

ప్రశ్న:
పాత సెడాన్ బాడీని డర్ట్ ఓవల్‌కి (మట్టి రేసు ట్రాక్‌కి) తయారుచేస్తూ, పల్టీ కొడితే డ్రైవర్‌ని కాపాడే పైపుల చట్రం, అంటే రోల్ కేజ్ కడుతున్నాం. మెయిన్ హూప్‌కి (డ్రైవర్ వెనక నిలబడే పెద్ద వంపు పైపుకి) 45 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. మందం ఉన్న సీమ్ పైపు (పొడవునా అతుకున్నది) ఉంది. బరువు తగ్గుతుందని అదే వాడదామనుకుంటున్నాం. వంచిన చోట లోపలివైపు కాస్త ముడతలు పడ్డాయి. పర్వాలేదా? కేజ్ కాళ్లను నేరుగా ఫ్లోర్ రేకుకి వెల్డ్ చేయొచ్చా?

జవాబు 1:
ఆ పైపు పక్కన పెట్టేయండి. అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్ఐఏ లెక్క ప్రకారం మెయిన్ హూప్‌కి కనీసం 45 × 2.5 లేదా 50 × 2.0 మి.మీ. ఉండాలి, అదీ సీమ్‌లెస్ (అతుకు లేని) కోల్డ్ డ్రాన్ (వేడి చేయకుండా లాగి తీసిన) కార్బన్ స్టీలు. మీ రేసు నిర్వాహకుల రూల్స్ వేరుగా ఉండొచ్చు, కొనేముందే చదవండి. బరువే బెంగ అయితే 50 × 2.0 తీసుకోండి. 45 × 2.5 మీటరుకి 2.6 కిలోలు, 50 × 2.0 అయితే 2.4 లోపే. పైగా వంగకుండా నిలబడడంలో సుమారు 15 శాతం గట్టిది. 45 × 2.5తో పోలిస్తే మీ 1.5 పైపుతో మీటరుకి కిలో తగ్గుతుంది గానీ, ఆ గట్టిదనంలో మూడో వంతుకి పైగా పోతుంది.

ముడత పడ్డ వంపు అసలు పనికిరాదు. పల్టీలో పైపు మొదట మడతపడేది అక్కడే. వంపు రేడియస్ పైపు వ్యాసానికి కనీసం 3 రెట్లు ఉండాలి. 45కి 135 మి.మీ. అన్నమాట.

జవాబు 2:
ఫ్లోర్ రేకుకి నేరుగా వద్దండీ. కారు తిరగబడితే పైపు అంచు ఆ పల్చటి రేకుని గుండ్రంగా కోసుకుంటూ దిగిపోతుంది. కేజ్ చెక్కుచెదరకపోయినా ఎత్తు తగ్గి, డ్రైవర్ తల పైకప్పుకి తగులుతుంది. ప్రతి కాలి కింద 3 మి.మీ. ప్లేటు, కనీసం 120 చదరపు సెం.మీ. వేయండి. తుప్పు పట్టిన రేకుంటే ముందు కోసేసి కొత్తది పెట్టండి.

జాయింట్ చుట్టూ పూర్తిగా వెల్డ్ పడాలి. పైకప్పుకి ఆనుకున్న వైపు వెల్డింగ్ టార్చ్ పట్టదు కాబట్టి చాలామంది అక్కడ వదిలేస్తారు. ప్లేట్లు వేయకముందే ఫ్లోర్‌కి రంధ్రాలు కోసి కేజ్‌ని కిందికి దించండి, పైభాగం వెల్డ్ చేసి మళ్లీ పైకెత్తి ప్లేట్లు బిగించండి. బీడ్‌ని (వెల్డ్ చేసినచోట ఉబ్బిన గీతని) అందం కోసం గ్రైండ్ చేయొద్దు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి. పల్టీ కొట్టాక వంగిన పైపుని వేడిచేసి సరిచేయొచ్చా?

జవాబు 3:
వద్దు. కోసేసి కొత్త ముక్క పెట్టాలి. మట్టి ట్రాక్‌లో ఇంకో తంటా ఉంది: జాయింట్లలో బంకమట్టి గట్టిపడి పగుళ్లని కప్పేస్తుంది. ప్రతి రేసు తర్వాత కడిగి, ఆరాక టార్చ్‌లైట్ పట్టుకుని చూడండి. వెల్డ్ పక్కన పెయింట్‌లో వెంట్రుకలాంటి తుప్పు గీత కనిపిస్తే అది పగులే అనుకోండి.

సీటుని కేజ్‌కే బిగించండి, ఫ్లోర్‌కి కాదు. ఫ్లోర్ కదిలితే సీటు ఒకవైపు, బెల్టులు ఒకవైపు లాగుతాయి. భుజం బెల్టులు భుజం నుంచి వెనక్కి సమానంగా గానీ, 20 డిగ్రీలలోపు కిందికి వాలి గానీ ఉండాలి. అంతకంటే వాలితే ఢీకొన్నప్పుడు వెన్నెముకని కిందికి నొక్కుతాయి. హెల్మెట్‌కి అందే ప్రతి పైపుకీ గట్టి రకం రోల్ బార్ ప్యాడింగ్ వేయండి, మామూలు స్పాంజి దెబ్బకి అణిగిపోతుంది. బకిల్‌లో ఇసుక చేరితే అది ఇరుక్కుపోతుంది, రేసుకి ముందు నాలుగైదు సార్లు తీసి పెట్టి చూడండి.