ఎం82లో వాయువు అయస్కాంత క్షేత్రాన్ని ఈడుస్తోందా, క్షేత్రమే వాయువును తోస్తోందా?

ప్రశ్న:
ఎం82 అనే గెలాక్సీ మీద సోఫియా టెలిస్కోపు పరిశీలనలతో గీసిన అయస్కాంత రేఖల చిత్రం చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. మామూలు సర్పిల గెలాక్సీల్లో ఈ రేఖలు ఎక్కువగా పళ్లెం (గెలాక్సీ చదునైన భాగం) వెంబడే ఉంటాయని చదివాను. ఇక్కడ నడిమధ్యన నిలువుగా లేచి, వాయువు ఎగజిమ్మే దారే పట్టాయి. ఎవరు ఎవరిని లాగుతున్నట్టు?

జవాబు:
ఎం82లో ఈడుస్తున్నది ప్రధానంగా వాయువేనండి. పొరుగున ఉన్న ఎం81 గెలాక్సీ గురుత్వం కుదిపేయడంతో నడిబొడ్డున వాయువు పోగుపడింది. అక్కడ పాలపుంతలో కంటే దాదాపు 10 రెట్ల వేగంతో నక్షత్రాలు పుడుతున్నాయి. వాటిలో భారీవి త్వరగానే సూపర్నోవాలై పేలతాయి. ఆ పేలుళ్లన్నీ కలిసి వాయువును కోట్ల డిగ్రీలకు కాచేస్తాయి. పళ్లెం లోపల దట్టంగా ఉంటుంది కాబట్టి పైకీ కిందికీ తప్ప దానికి దారి లేదు. అయనీకరణ చెందిన (విద్యుదావేశం పొందిన) వాయువును అయస్కాంత రేఖలు ఏటివాలులో నాచులా అంటిపెట్టుకుని సాగుతాయి. ప్రవాహపు గతిశక్తిదే పైచేయి అయినంతవరకూ అంతే.

అడిగినవారు:
బాగా చెప్పారండి. కంటికి కనబడని రేఖల్ని ఎలా గీశారు మరి?

జవాబు:
ధూళి వల్ల. కోలగా ఉండే ధూళి రేణువుల పొడవు క్షేత్రానికి అడ్డంగా తిరుగుతుంది. అవి వెలువరించే దూర పరారుణ కాంతి ఆ పొడవు దిశలోనే ధ్రువణం చెందుతుంది, అంటే దాని తరంగాలు ఎక్కువగా ఆ దిశలోనే కంపిస్తాయి. కొలిచిన దిశను 90 డిగ్రీలు తిప్పితే క్షేత్రం దిశ దొరికినట్టే. ఈ కాంతిని వాతావరణంలోని నీటి ఆవిరి మింగేస్తుంది, అందుకే సోఫియా టెలిస్కోపును బోయింగ్ 747 విమానంలో పెట్టి పైకి తీసుకెళ్లారు. ఒక జాగ్రత్త: ఇలా తెలిసేది ధూళి ఉన్న చల్లని వాయువులోని క్షేత్రమే. ఎక్స్-కిరణాల్లో వెలిగే వేడి వాయువు లోపల ఏముందో దీన్నిబట్టి నేరుగా చెప్పలేం.

మరొకరు:
మొదటి జవాబుకు ఒక మాట కలుపుతాను. క్షేత్రం ఊరికే కొట్టుకుపోతోందని అనుకోకండి. విశ్వకిరణాలు (దాదాపు కాంతి వేగంతో దూసుకుపోయే ఆవేశిత కణాలు) ఆ రేఖల వెంటే ప్రయాణిస్తూ వాయువును తామూ తోయగలవు. 2021లో వచ్చిన ఒక పరిశోధనలో, సూర్యుడి కరోనాకు (బయటి వాతావరణానికి) వాడే పద్ధతితోనే ఎం82 రేఖల్ని గెలాక్సీ బయటకు పొడిగించి లెక్కించారు. అవి మళ్లీ వంగి వెనక్కి రాకుండా తెరుచుకునే ఉన్నాయని తేలింది. నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే. గెలాక్సీల నడుమ ఖాళీలోకి లోహాలూ (ఖగోళ శాస్త్రంలో హీలియం కంటే బరువైన మూలకాలన్నీ) అయస్కాంతత్వమూ ఎలా చేరాయన్న ప్రశ్నకు ఇదొక దారి చూపిస్తోంది. సోఫియా 2022లో ఆగిపోవడం అందుకే పెద్ద లోటు.