ప్రొద్దుటూరు నుంచి డాలస్‌కు కొత్తగా వచ్చాను: పాత క్యామ్రీ మరమ్మతుకు ముందు ఏ పనిముట్లు కొనాలి?

ప్రొద్దుటూరు, కడప జిల్లా (ప్రస్తుతం డాలస్ శివారు)

అన్నలకు, అక్కలకు నమస్కారం. నేను ఇక్కడికి వచ్చి నాలుగు నెలలైంది. పోయిన వారం 2012 నాటి టయోటా క్యామ్రీ కొన్నాను. ముందు బ్రేకులు కీచుమంటున్నాయి. మెకానిక్ దుకాణంలో చెప్పిన కూలి విన్నాక, ఆ డబ్బుతో పనిముట్లు కొనుక్కుని నేనే పని నేర్చుకోవడం మంచిదనిపించింది. ఊళ్ళో మా నాన్నగారి మోటారు సైకిలుకు ఆయిలు మార్చడం, చైను బిగించడం నాకు అలవాటే కానీ, కారు పని ఎప్పుడూ చేయలేదు. నట్ల మీద తొడిగి తిప్పే సాకెట్ల పెట్టె (200 ముక్కలది) ఒకటి, దెబ్బలు కొడుతూ నట్లు తిప్పే బ్యాటరీ ఇంపాక్ట్ రెంచ్ ఒకటి చూసి పెట్టుకున్నాను. ఈ రెండూ ఉంటే చాలునా? ఊళ్ళో ఉన్న మా నాన్నగారి డ్రిల్లింగ్ మిషను తెప్పించుకుంటే ఇక్కడ పనికొస్తుందా?

కర్నూలు (22 ఏళ్ళుగా టెక్సాస్)

తమ్ముడూ, పనిముట్ల సంగతి తరువాత చూద్దాం, ముందు నీ అద్దె ఒప్పందం తీసి ఆసాంతం చదువు. అపార్ట్‌మెంటు పార్కింగులో బండి మరమ్మతు చేయకూడదన్న షరతు చాలా ఒప్పందాలలో ఉంటుంది, సంతకం పెట్టేటప్పుడు మనం దాన్ని పట్టించుకోము. నేను 2009లో ఆ తప్పే చేశాను. ఒక శనివారం సాయంత్రం ముందు బ్రేకు ప్యాడ్లు మారుద్దామని పార్కింగులోనే చక్రం ఊడదీశాను. నా దగ్గర ఉన్నది చవకగా దొరికిన పన్నెండు మూలల సాకెట్. ప్యాడ్లను డిస్కుకు అదిమి పట్టే క్యాలిపర్ బోల్టు తుప్పు పట్టి ఉంది. సాకెట్‌ను తిప్పే పిడి, అంటే రాచెట్ మీద బలమంతా పెట్టేసరికి సాకెట్ జారింది, బోల్టు తల మూలలన్నీ అరిగి గోళీలా గుండ్రమైపోయింది. దానికి ఏ పానా వేసినా పట్టలేదు. చీకటి పడడంతో బండిని మోస్తున్న జాకీ స్టాండు మీదనే వదిలి పైకి వెళ్ళాను. ఆదివారం ఆ బోల్టు తీసే పనిముట్టు కోసం మూడు దుకాణాలు తిరిగి వచ్చేసరికి అద్దం మీద నారింజ రంగు కాగితం అంటించి ఉంది. నడవని బండి పార్కింగులో ఉండకూడదని, ఇరవై నాలుగు గంటల్లో తీయాలని అందులో రాశారు. సోమవారం తెల్లవారగానే ఆఫీసుకు వెళ్ళి, సాయంత్రానికి చక్రం బిగించేస్తానని మేనేజరును బతిమాలాను. ఆవిడ తల ఊపింది. పనికి వెళ్ళి వచ్చేసరికి బండి లేదు, నేల మీద నా పాత ప్యాడ్లు రెండు, ఒక నట్టు మాత్రం మిగిలాయి. బండిని విడిపించుకోవడానికి లాక్కెళ్ళిన కూలి, రోజువారీ నిలువ రుసుము రెండూ కట్టాను. ఆ మొత్తంతో మంచి సాకెట్ల పెట్టెలు మూడు వచ్చేవి.

అందుకే ఇంటి ముందు సొంత డ్రైవ్‌వే ఉన్న మనవాళ్ళను అడిగి అక్కడ పని చేసుకో. మరొక మాట, ఇక్కడ ఏటా వాహన తనిఖీ ఉంటుంది, బ్రేకు సరిగా లేకపోతే రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది, ఆలస్యం చేయవద్దు.

అనంతపురం (ఆస్టిన్)

అన్నగారు చెప్పిన కథలో అసలు దోషి పన్నెండు మూలల సాకెట్. తమ్ముడు అడిగినది కూడా పనిముట్ల గురించే కనుక నేను వాటి గురించే రాస్తాను.

మొదటి ఖర్చు జాకీ స్టాండ్ల మీద పెట్టండి. బండితో వచ్చే జాకీ దారిలో స్టెప్నీ మార్చుకోవడానికే తప్ప, దాన్ని నమ్మి బండి కిందికి దూరకూడదు. చక్రాలు తిరిగే చిన్న హైడ్రాలిక్ జాకీ ఒకటి, స్టాండ్ల జత ఒకటి, వెనక చక్రాలకు అడ్డం పెట్టే చెక్కలు రెండు తీసుకోండి. 2020లో ఒక పెద్ద దుకాణం తాను అమ్మిన స్టాండ్లు బరువు మీద ఉండగా జారిపోతున్నాయని వెనక్కి పిలిపించింది. కాబట్టి వాడిన స్టాండ్లు ఎవరైనా ఇస్తే, వాటి మీది మోడల్ సంఖ్య చూసుకోకుండా తీసుకోవద్దు. మన ఊళ్ళో కడప బండ అడ్డం పెట్టినట్టు ఇక్కడ కాంక్రీటు ఇటుకలు పెట్టేవాళ్ళను చూశాను. సన్నటి అంచు మీద బరువు పడితే అది చెప్పకుండా పగులుతుంది, కింద ఉన్న మనిషికి తప్పుకునే వ్యవధి ఉండదు.

రెండవది, ఆరు మూలల మెట్రిక్ సాకెట్లు, 8 నుంచి 21 మిల్లీమీటర్ల వరకు. మీరు చూసిన 200 ముక్కల పెట్టెలో సగం అంగుళాల కొలతలవి, మిగిలినవాటిలో చాలావరకు స్క్రూడ్రైవర్ మొనలు ఉంటాయి. మీ క్యామ్రీకి కావలసినవి చెబుతాను: బ్యాటరీ టెర్మినల్‌కు 10, ఆయిలు బోల్టుకు 14, చక్రం నట్టుకు 21, ముందు క్యాలిపర్ దగ్గర 14, 17. ఆయిలు ఫిల్టరు మూతకు 64 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన టోపీ లాంటి రెంచ్ కావాలి. అది లేకుండా పట్టకారుతో తిప్పితే మూత చిట్లుతుంది.

మూడవది టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచి చెప్పే పానా. ఆ బండికి చక్రం నట్లు 76 ఫుట్ పౌండ్ల దగ్గర, ఆయిలు బోల్టు 30 దగ్గర బిగించాలి. పెనుకొండ దగ్గర కియా కర్మాగారంలో మా తమ్ముడు పని చేస్తున్నాడు. అక్కడ చక్రం నట్టును కూడా చేతి అంచనాతో ఎవరూ బిగించరని, ప్రతి బోల్టుకూ కొలత ఉంటుందని అతడే నాకు మొదట చెప్పాడు. పని అయ్యాక రెంచ్‌ను దాని అతి తక్కువ కొలతకు తిప్పి పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు బిగుసుకుని ఉండి కొలత తప్పుతుంది.

ఇంపాక్ట్ రెంచ్ ఇప్పుడు వద్దు. దానితో చక్రాలు బిగించేవాళ్ళ వల్లే స్టడ్లు, అంటే చక్రం నట్లు ఎక్కే మరల కడ్డీలు విరుగుతున్నాయి.

ఆదోని (హ్యూస్టన్)

అనంతపురం అన్నా, మీ చివరి మాటతో నేను ఏకీభవించను. ఇంపాక్ట్ రెంచ్ విప్పడానికి, బిగించడానికి కాదు. కర్నూలు అన్నగారికి ఆనాడు ఆరు మూలల సాకెట్ తోపాటు అది కూడా ఉండి ఉంటే బోల్టు పది క్షణాల్లో కదిలేది. నిలకడ బలంతో లాగితే తల అరిగే బోల్టు, చిన్న చిన్న దెబ్బలకు తుప్పు వదిలి తిరుగుతుంది. ఒక్క జాగ్రత్త చాలు: దానికి నల్లటి క్రోమ్ మాలిబ్డినం సాకెట్లే వాడాలి. తళతళలాడే మామూలు సాకెట్లు ఆ దెబ్బలకు పగిలి ముక్కలు కంట్లో పడతాయి.

తమ్ముడూ, కొనేటప్పుడు 18 వోల్టులు, 20 వోల్టులు అని రెండు రకాలు కనిపిస్తాయి, రెండూ ఒకటే. లోపల అవే ఐదు లిథియం ఘటాలు ఉంటాయి. నిండుగా చార్జి అయినప్పటి లెక్క ఒకరు రాస్తారు, పనిలో ఉన్నప్పటి లెక్క ఇంకొకరు రాస్తారు. మొదట ఏ కంపెనీ బ్యాటరీ కొంటే తరువాతి పనిముట్లన్నీ ఆ కంపెనీవే కొనవలసి వస్తుంది కనుక, ఆ ఒక్క నిర్ణయం నిదానంగా తీసుకో. రియోబీ 18 వోల్టుల బ్యాటరీ అమరిక 1996 నుంచి మారలేదు, నేను దానిలోకి వెళ్ళడానికి అదే కారణం.

బ్రేకు డిస్కు దాని వెనక ఉన్న హబ్బుకు (చక్రం బిగించే ఇరుసు భాగానికి) అతుక్కుని రాకపోతే సుత్తి ఎత్తవద్దు. టయోటా డిస్కు మీద మరలు కోసిన రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి. 8 మిల్లీమీటర్ల మందం, 1.25 మిల్లీమీటర్ల ఎడంలో మరలు ఉన్న బోల్టులు రెండు వాటిలో పెట్టి అటొక చుట్టు ఇటొక చుట్టు బిగిస్తే, డిస్కు టప్పుమని దానంతటదే ముందుకు వస్తుంది. బోల్టులు కొన్నది ఎనభై సెంట్లకు, ఇప్పటికి నాలుగు బండ్లకు వాడాను.

అనంతపురం (ఆస్టిన్)

విప్పడం వరకు మీ మాట ఒప్పుకుంటాను. కానీ కొత్తగా నేర్చుకునేవారికి బోల్టు కదిలే క్షణం చేతికి తెలియాలి. బిగుసుకున్న బోల్టులు విప్పే రెండడుగుల పిడి, బ్రేకర్ బార్, చవకగా వస్తుంది, మిషనులో ఆ స్పర్శ ఉండదు. స్టాండ్లకు పెట్టవలసిన డబ్బు బ్యాటరీల మీదికి పోకూడదన్నదే నా బాధ.

జమ్మలమడుగు, కడప జిల్లా (ప్లేనో)

అన్నలారా, తనిఖీ గురించి కర్నూలు అన్నగారు చెప్పినది పాత నిబంధన. 2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో సొంత కార్లకు ఏటా చేసే భద్రతా తనిఖీ తీసేశారు. అయితే డాలస్, కాలిన్ లాంటి కౌంటీలలో పొగ పరీక్ష ఇంకా ఉంది, దానికీ పనిముట్ల పెట్టెకూ సంబంధం ఉంది. 1996 తరువాత ఇక్కడ అమ్మిన ప్రతి కారులోనూ స్టీరింగు కింద ఒక ప్లగ్గు ఉంటుంది. బండి కంప్యూటరు నమోదు చేసిన లోపాలను చదివే ఓబీడీ రీడర్ (ఇరవై, ముప్ఫై డాలర్లకు వస్తుంది) అక్కడ పెడితే ఇంజను దీపం ఎందుకు వెలిగిందో చెబుతుంది. నేను ఒకసారి పరీక్ష ముందు రోజు ఆ దీపాన్ని రీడర్‌తో చెరిపేసి వెళ్ళాను. బండి కొన్నాళ్ళు నడిచి తనను తాను మళ్ళీ పరీక్షించుకుంటే తప్ప ఫలితం ఇవ్వదని, నన్ను వెనక్కి పంపారు.

ఇంకొకటి, ఏడాదికి ఒకసారి వాడే పనిముట్టును కొనవద్దు. ఆటోజోన్, ఓరైలీ దుకాణాలు వాటిని ధరావతు కట్టించుకుని ఇస్తాయి, తిరిగి ఇచ్చాక డబ్బు మొత్తం వాపసు చేస్తాయి. బ్రేకు పిస్టన్‌ను లోపలికి నెట్టే పరికరం నేను అక్కడే తెచ్చుకుంటాను. క్యాలిపర్‌ను విప్పాక దాన్ని రబ్బరు గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో చక్రం పైన ఉన్న సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టడం మాత్రం మరువవద్దు తమ్ముడూ.

ఆదోని (హ్యూస్టన్)

డ్రిల్లింగ్ మిషను ప్రశ్నకు ఎవరూ జవాబు రాయలేదు. అది మన ఇంటి 230 వోల్టులకు చేసినది, ఇక్కడి గోడలో 120 వోల్టులే వస్తాయి. పెడితే నీరసంగా తిరుగుతుంది, లోహంలో రంధ్రం వేసే బలం ఉండదు. దానికి ట్రాన్స్‌ఫార్మర్ కొనే ఖర్చుతో ఇక్కడే డ్రిల్లు వస్తుంది. పైగా బ్రేకు పనికి డ్రిల్లుతో అవసరమే లేదు. అది నాన్నగారి దగ్గరే ఉండనివ్వు. ఈ శనివారం నేను డాలస్ వస్తున్నాను, నా స్టాండ్లు, టార్క్ రెంచ్, ఆ రెండు బోల్టులు బండిలో వేసుకుని వస్తాను. ఎడమ చక్రం నేను చేసి చూపిస్తాను, కుడిది నువ్వు చేద్దువు. డ్రైవ్‌వే ఎవరిదో ఈలోగా అడిగి పెట్టు.