చేప టాకోకి శనగపిండి పూత సరేనా, కాదా?

కళింగపట్నం కెరటం (శ్రీకాకుళం):
అందరికీ నమస్కారం. మా పాప హైదరాబాద్ హాస్టల్ నుంచి సెలవులకి వచ్చి చేప టాకో చేయమని అడిగింది. అప్పటినుంచి ఆరుసార్లు చేశాను. తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. టాకో అంటే మెక్సికోలో మొక్కజొన్న పిండితో చేసే చిన్న పల్చటి రొట్టె. దాన్ని మడిచి, లోపల కూరో మాంసమో పెట్టుకుని చేత్తో తింటారు. చేప టాకో ఆ దేశంలో సముద్రతీరమున్న బాహా కాలిఫోర్నియా వైపు వంట. పిండిలో ముంచి వేయించిన చేపముక్క, పైన సన్నగా తరిగిన క్యాబేజీ, కాస్త తెల్లటి సాస్, నిమ్మరసం. అంతే.

పేచీ అంతా పూత దగ్గరే. మా అత్తగారు, తోడికోడలు, పక్కింటి పిన్నిగారు అందరిదీ ఒకటే మాట: "శనగపిండి కలిపి వేసేయ్, కరకరలాడుతుంది." శనగపిండి వేస్తే అది చేప బజ్జీ అవుతుంది గానీ టాకో కాదని నా వాదన. బజ్జీ అంటే నాకూ ఇష్టమే. కానీ శనగపిండికి దాని వాసన, దాని రుచి గట్టిగా ఉంటాయి. చేప వెనక్కి వెళ్ళిపోతుంది. పైగా రొట్టెలో పెట్టి సాస్ వేసేసరికి మెత్తబడిపోతుంది. నేను వేసేది ముప్పావు కప్పు మైదా, పావు కప్పు పొడి బియ్యప్పిండి, అర చెంచా బేకింగ్ పౌడర్, ఉప్పు, మిరియాల పొడి, ఫ్రిజ్‌లో పెట్టిన సోడా. మీరేమంటారు?

బొబ్బిలి కోడలు:
అక్కా, మీ మాట ఒప్పుకోలేను. శనగపిండి మెత్తబడుతుందంటే తప్పు పిండిది కాదు, కలిపే చేతిది. మా ఇంట్లో మిరపకాయ బజ్జీకి శనగపిండిలో నాలుగో వంతు బియ్యప్పిండి వేసి, రెండు చెంచాల కాగిన నూనె పోసి కలుపుతాం. సాయంత్రం వేసినవి రాత్రి భోజనానికి కూడా బాగానే ఉంటాయి. ఇంకో సంగతి. మా ఇంట్లో ఇద్దరికి షుగర్. మైదా కొనడం మానేసి మూడేళ్ళయింది. మెక్సికో వాళ్ళు మైదా వేస్తే మనమూ వేయాలని ఏముంది? వాము కూడా వేసుకుంటాం, చేపకి చాలా బాగుంటుంది.

చింతపల్లి తీరం (పూసపాటిరేగ మండలం):
ఇద్దరూ పిండి గురించే మాట్లాడుతున్నారు. ఏ చేప అని ఒక్కరూ అడగలేదు.

మాది వేటకి వెళ్ళే కుటుంబం. చెబుతాను వినండి. కవళ్ళు, కానాగడతలు ఇలా పూతపెట్టి వేయించడానికి పనికిరావు. వాటిలో నూనె ఎక్కువ, ముళ్ళు ఎక్కువ. ఏ పిండిలో ముంచినా పూత ఊడిపోతుంది. వాటికి పులుసే మర్యాద. కోనాం, అంటే మీరు వంజరం అనేది, మంచిదే గానీ ఆ ధర పెట్టి కొని పిండిలో దాచేయడం నాకు మనసొప్పదు. పైగా ఒక్క నిమిషం ఎక్కువైతే పీచులా ఎండిపోతుంది. టాకోకి పండుగప్ప సరైనది. తెల్లటి కండ, ముల్లు తీయడం తేలిక, ఉడికితే పొరలు పొరలుగా విడుతుంది. మాగ దొరికితే అదీ బాగుంటుంది.

ఇప్పుడు వేట నిషేధం నడుస్తోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు, ఇంజిను పడవలు కదలవు. బజారులో ఉన్నది చాలావరకు ఐసుది, లేదంటే చెరువు చేప. ఐసు చేపని నీళ్ళలో పడేసి కరిగిస్తే కండంతా నీళ్ళు పట్టేస్తుంది. రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వాలి. ముక్కలకి ఉప్పు రాసి పావుగంట ఉంచితే నీరు ఊరుతుంది. పొడి గుడ్డతో గట్టిగా అద్ది తుడవండి. ఆ తడి ఉన్నంతకాలం మీ మైదా, ఆమె శనగపిండి రెండూ ఒకటే.

సోంపేట నుంచి శాన్‌డియాగో:
ఇక్కడికి వచ్చి పదకొండేళ్ళయింది. సరిహద్దు దాటి ఎన్సెనాడా ఊరికి మూడుసార్లు వెళ్ళాను. అక్కడ బండి మీద తిన్నది చెబుతాను. పూత చాలా పల్చన. గోధుమ మైదాలో ఆవపొడి, ఒరెగానో ఆకు, బీరు కలుపుతారు. చేప పాతరోజుల్లో చిన్న సొర కూడా వాడేవారట. ఎన్సెనాడా వాళ్ళు ఈ వంట మాదంటారు, శాన్ ఫెలిపే వాళ్ళు మాదంటారు. ఆ తగవు ఇంకా తేలలేదు. శాన్‌డియాగోలో 1983లో రూబియోస్ అని ఒక చిన్న దుకాణం తెరిచారు, అమెరికాలో ఈ టాకో పాకడానికి అదొక పెద్ద కారణం.

బీరు ఎందుకని అడుగుతారేమో. రెండు పనులు. అందులోని బుడగలు పిండిని గుల్లచేస్తాయి. ఆల్కహాల్ నీటికన్నా ముందు ఆవిరవుతుంది కాబట్టి పూత త్వరగా ఆరుతుంది. బీరు వద్దనుకునేవారికి సోడా చాలు. మన గోలీసోడా అయినా సరే, ఉప్పూ తీపీ కలపనిది.

బొబ్బిలి కోడలు గారూ, మీ వాము మాట నాకు నచ్చింది. వాముకీ ఒరెగానోకీ వాసన దగ్గర. రెండింటిలోనూ థైమోల్ అనే పదార్థం ఉంటుంది. కాబట్టి వాము వేస్తే ఆ వంటకి దూరం పోయినట్టు కాదు.

రొట్టె గురించి ఒక్కమాట. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మొక్కజొన్న బాగా పండుతుంది కదా, ఆ పిండితో చేద్దామని మా అమ్మ సోంపేటలో ప్రయత్నించింది. రొట్టె విరిగిపోయింది. అక్కడివాళ్ళు గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి రుబ్బుతారు. అప్పుడే ఆ పిండికి సాగుడు వస్తుంది. మామూలు మొక్కజొన్న పిండైతే మరిగే నీళ్ళు పోసి కలిపి, మూతపెట్టి అరగంట ఉంచండి. జొన్నరొట్టె కొట్టినట్టే చేయాలి. కాస్త గోధుమపిండి కలిపినా తప్పులేదు.

కళింగపట్నం కెరటం:
చింతపల్లి తమ్ముడూ, తడి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. నా మొదటి రెండుసార్లూ పాడైంది అందుకే. ఇప్పుడు తుడిచాక ముక్కల్ని పొడి బియ్యప్పిండిలో దొర్లించి, దులిపి, అప్పుడు జారులో ముంచుతున్నాను. పూత అతుక్కుని ఉంటోంది.

బొబ్బిలి చెల్లీ, "తప్పు కలిపే చేతిది" అన్నావు. మైదాకి కూడా అదే మాట. మైదాని గిలక్కొడితే గోధుమలోని జిగురు సాగుతుంది, పూత నమలాల్సి వస్తుంది. అందుకే చల్లటి సోడా పోసి, నాలుగు తిప్పులు తిప్పి వదిలేయాలి. చిన్న ఉండలు మిగిలినా పర్లేదు. బియ్యప్పిండిలో ఆ జిగురు లేదు, అది ఉన్నకొద్దీ పూత పెళుసుగా వస్తుంది.

బొబ్బిలి కోడలు:
అక్కా, నిన్న మీ పద్ధతిలో కాక నా పద్ధతిలోనే చేశాను. రుచి బాగుంది. కానీ పూత ఎర్రగా, కుంకుమ కలిపినట్టు వచ్చింది. పిల్లలు భయపడి తినలేదు. కారం కొంచెమే వేశాను. నూనె కూడా కొత్తదే. ఎందుకలా?

కళింగపట్నం కెరటం:
పసుపు, వంటసోడా రెండూ వేశావా? పసుపుకి సోడా తగిలితే ఎర్రగా మారుతుంది. ప్రమాదమేమీ లేదు. పసుపు చేపకి ముందే రాసి కడిగేయి, లేదా సోడా మానేయి.

రాజాం పెద్దమ్మ:
ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకి వంటలు చేయిస్తున్నాను. మీరందరూ చెప్పినవి మంచి మాటలే అమ్మా, కానీ మూకుడు దగ్గర జరిగే తప్పు ఎవరూ చెప్పలేదు.

నూనె కాగకుండానే వేస్తున్నారు. పిండిచుక్క వేస్తే అడుగుకి వెళ్ళీ వెళ్ళకముందే పైకి తేలాలి. థర్మామీటర్ ఉన్నవాళ్ళు 180 డిగ్రీలు చూసుకోండి. ఒకేసారి ఎనిమిది ముక్కలు వేస్తే నూనె చల్లబడుతుంది, పూత నూనె తాగేస్తుంది. నాలుగేసి వేయండి. తీసినవాటిని కాగితం మీద పోయకండి. కింద ఆవిరి పట్టి ఆ పక్క మెత్తబడుతుంది. పాత పేపరైతే అసలే వద్దు, సిరా తిండికి అంటుకుంటుంది. జల్లెడలోనో స్టీలు జాలీ మీదో పరచండి, కిందనుంచి గాలి ఆడాలి.

ఎక్కువమందికి చేసేటప్పుడు రెండుసార్లు వేయిస్తాం. మొదటిసారి లేతగా తీసి పక్కన పెట్టి, జనం కూర్చున్నాక మంట పెంచి ఒక్క నిమిషం మళ్ళీ. అప్పుడు శనగపిండైనా నిలుస్తుంది, మైదా అయినా నిలుస్తుంది. ఒకసారి మేము ముందే అన్నీ వేయించేసి మూత పెట్టిన గిన్నెలో పంపితే, పెళ్ళింటికి చేరేసరికి తడిగుడ్డల్లా అయ్యాయి. ఆ రోజు పడ్డ బాధ నాకు ఇంకా గుర్తుంది.

కళింగపట్నం కెరటం:
ఆదివారం రెండు గిన్నెలు పెట్టి పక్కపక్కన చేశాను. చేప ఒకటే, పండుగప్ప, అరకిలో. నూనె ఒకటే. ఒక గిన్నెలో నా మైదా జారు. ఇంకోదానిలో బొబ్బిలి చెల్లి చెప్పినట్టు శనగపిండి, నాలుగో వంతు బియ్యప్పిండి, వేడి నూనె, వాము. రెండూ పెద్దమ్మ చెప్పినట్టు రెండుసార్లు వేయించి జాలీ మీద పెట్టాను.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మూకుడులోంచి తీసినప్పుడు రెండూ కరకరలాడాయి. పది నిమిషాలకి కూడా శనగపిండిది నేను అనుకున్నట్టు మెత్తబడలేదు. ఆ విషయంలో నేను తప్పు. రొట్టెలో పెట్టి క్యాబేజీ, సాస్ వేశాక మాత్రం శనగపిండిది ముందుగా నానింది. పూత మందం కాబట్టి లోపల ముద్దగా తగిలింది. రుచిలో నా మాట మార్చుకోను. కళ్ళు మూసుకుని తింటే ఒకదానిలో చేప తెలిసింది, ఇంకోదానిలో బజ్జీ తెలిసింది. మా అత్తగారికి మాత్రం రెండోదే నచ్చింది.

మూడో గిన్నె కూడా పెట్టాను, మైదా లేకుండా. సగం బియ్యప్పిండి, పావు వంతు మొక్కజొన్న పిండి, పావు వంతు శనగపిండి, చల్లటి సోడా. దోసెల పిండికన్నా జారుగా. మూడింటిలో ఎక్కువసేపు నిలిచింది ఇదే. పలాస జీడిపప్పు నానబెట్టి, పెరుగు, వెల్లుల్లి, నిమ్మరసం వేసి రుబ్బి సాస్‌గా వేశాను. క్రీము కోసం బజారంతా తిరగాల్సిన పని లేదు.

బొబ్బిలి కోడలు:
మూడోదానిలో శనగపిండి ఉంది కదా అక్కా! అయితే టాకోకి శనగపిండి పనికిరాదన్న మాట వెనక్కి తీసుకున్నట్టేనా?

కళింగపట్నం కెరటం:
పావు వంతు వరకు తీసుకున్నాను. అంతకుమించితే బజ్జీయే.

చింతపల్లి తీరం:
నిషేధం అయ్యాక తాజా పండుగప్పతో ఆ మూడో గిన్నె మళ్ళీ చేయండి అక్కా. ఐసు చేపతో పెట్టిన పరీక్షని నేను తుది తీర్పుగా ఒప్పుకోను.