పెరట్ల 20×15 అడుగుల జాగా, కూరగాయలు కాయాలె, చూడ్డానికీ బాగుండాలె, ఎట్ల?

హన్మకొండ_పెరడు:
అందరికీ నమస్తే. మా ఇంటి వెనకాల తూర్పు పడమర 20 అడుగులు, ఉత్తరం దక్షిణం 15 అడుగుల జాగా ఉంది. మా ఆయన లాన్ వేద్దాం అంటున్నరు, నాకేమో కూరగాయలు కావాలె. పోయినేడు వేసిన గానీ అంతా అడవి లెక్క అయింది, బీర తీగ పోయి టమాటా మీద పడ్డది, తోటకూర అంతా ఒక్కసారే వచ్చి సగం ముదిరిపోయింది, బీర పిందెలేమో పసుపుపచ్చగ తిరిగి రాలిపోయినయ్. మా అత్తమ్మ "ఇది తోటనా చెత్తకుప్పనా" అన్నది, ఇంకా గుచ్చుకుంటనే ఉంది 😄 ఎండ పొద్దుగాల నుంచి మూడింటి దాకా వస్తది. ఎట్ల ప్లాన్ చెయ్యాలె?

గోదారి_మట్టి:
ముందు మొక్కలు కొనకండి, కాగితం మీద దారి గీయండి. మేం కడియం వెళ్లి కనపడ్డ మొక్కల్లా ఆటోలో వేసుకొచ్చేసి, ఎక్కడ పెట్టాలో తెలీక వారం రోజులు బాత్రూమ్ పక్కన పెట్టి సగం చంపుకున్నాం. మడి వెడల్పు మూడున్నర అడుగులు దాటకూడదండి, రెండు పక్కల నుంచీ చెయ్యందాలి, లోపలికి దిగి తొక్కితే మట్టి గట్టిపడిపోద్ది. మీ 15 అడుగుల్లో ఉత్తరం గోడ పక్కన పందిరి పాదులకి రెండున్నర, దారి రెండు, మడి మూడున్నర, మళ్లీ దారి, మళ్లీ మడి, మిగిలిన అడుగున్నర బంతికి. పందిరి ఉత్తరానే ఎందుకంటే చలికాలం ఎండ దక్షిణం నుంచి వాలుగా పడుద్ది, అటేపు పందిరేస్తే ఆ నీడలో వంగా టమాటా కాయవు. దారి అంచుకి పాత ఇటుకలు ఏటవాలుగా పాతండి, సగం అందం అక్కడే వచ్చేస్తుంది. తోటకూర విత్తనం గుప్పెడు ఇసకలో కలిపి పది రోజులకోసారి కొంచెం కొంచెం చల్లుకోండి, అంతా ఒకేరోజు కాదు.

మిద్దెమీద_మొక్కలు:
పిందెలు రాలడం గురించి ఎవరూ చెప్పలేదేంటి. పిందె మీద సన్న చిల్లుండి లోపల పురుగుంటే అది పండుఈగ, చిన్నప్పుడే పాత చీర ముక్క చుట్టేయండి. చిల్లు లేకుండా పసుపెక్కి రాలితే చాలాసార్లు పుప్పొడి అందకే. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, అప్పుడు మగపువ్వు తెంపి రేకులు వలిచేసి, కింద బుల్లి కాయున్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. నేను రోజూ టీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టి ఇదే పని, టీ చల్లారిపోద్ది, కాయలు మాత్రం నిలబడుతున్నాయి. అందానికి పూలే అక్కర్లేదు, పాలకూర పక్కన ఎర్ర తోటకూర, పందిరికి ఎర్ర బచ్చలి పాకించి చూడండి.

విసిగిపోయినోణ్ణి:
ఇవన్నీ ఓకే, కోతుల సంగతేంది? మా ఇంట్ల ఒక్క పొద్దుగాల పదకొండు బీరకాయలు, కొరికి పడేసినయే ఎక్కువ. కాకర, మిర్చి జోలికైతే రాలే. పందిరికి వల కట్టకుండ మాత్రం బీర పెట్టకుండ్రి.

హన్మకొండ_పెరడు:
థాంక్స్ అందరికీ. ఆ కొలతలు చూపిస్తే మా ఆయనే టేపు పట్టుకొని పోయి సున్నంతో గీతలు గీసిండు, లాన్ మాట మళ్ల ఎత్తలే. కోతులు మా గల్లీల గూడ ఉన్నయ్, మొన్ననే డాబా మీద ఆరబెట్టిన వడియాలు తిని పోయినయ్. ఈసారి పందిరికి కాకరనే.