పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం సిగ్నల్ 11తో పడిపోతోంది, కోర్ ఫైలు (పడిపోయిన క్షణంలోని మెమరీ నకలు) మాత్రం రావడం లేదు

ఉబుంటు 24.04, ఎన్‌జిన్‌ఎక్స్ 1.24 (వెబ్ సర్వర్), పీహెచ్‌పీ 8.3. సీఎస్‌వీ అప్‌లోడ్ చేసే పేజీ ఒక్కటే 502 (వెనకున్న సర్వీస్ నుంచి సరైన జవాబు రాలేదనే ఎర్రర్) ఇస్తోంది. చిన్న ఫైళ్లు బాగానే వెళ్తున్నాయి, 5 ఎంబీ దాటితే రెండు మూడు సెకన్లలోనే పడిపోతోంది. కాబట్టి టైమవుట్ కాదు.

ఎన్‌జిన్‌ఎక్స్ లాగ్‌లో 104, కనెక్షన్ రీసెట్ బై పీర్. ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీ కోడ్‌ని నడిపే సర్వీస్) లాగ్‌లో చైల్డ్ ఎగ్జిటెడ్ ఆన్ సిగ్నల్ 11, అంటే తప్పు మెమరీని తాకి చైల్డ్ ప్రాసెస్ ఆగిపోయింది. పీహెచ్‌పీ ఎర్రర్ లాగ్ ఖాళీ. ప్రాసెసే చచ్చిపోతోంది కనుక ట్రై-క్యాచ్‌కీ, షట్‌డౌన్ ఫంక్షన్‌కీ ఏమీ దొరకదు. లైవ్ సర్వర్ కాబట్టి డిస్‌ప్లే_ఎర్రర్స్ ఆఫ్‌లోనే ఉంచాను, ఉంచుతాను కూడా.

చూసినవి: ఓపీక్యాష్ (కంపైల్ చేసిన కోడ్‌ని దాచే క్యాష్) ఆపాను, పీసీఆర్‌ఈ జిట్ (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లను వేగంగా నడిపే సెట్టింగ్) 0 చేశాను, తేడా లేదు. మెమరీ చాలక కెర్నల్ చంపితే సిగ్నల్ 9 వచ్చేది. డీమెసేజ్‌లోనూ (కెర్నల్ లాగ్) ఆ జాడ లేదు. అదే ఫైలు, అదే కోడ్ కమాండ్ లైన్‌లో శుభ్రంగా నడుస్తోంది. ఎక్స్‌డీబగ్ (పీహెచ్‌పీ డీబగ్గింగ్ ఎక్స్‌టెన్షన్) అసలు లేదు.

బ్యాక్‌ట్రేస్ (పడిపోయినప్పుడు ఏ ఫంక్షన్ నడుస్తోందో చూపే జాబితా) కోసం ఎఫ్‌పీఎం పూల్ కాన్ఫిగ్ ఫైల్లో ఆర్‌లిమిట్_కోర్ అన్‌లిమిటెడ్ పెట్టి, కెర్నల్ కోర్_ప్యాటర్న్‌ని 1777 పర్మిషన్ ఉన్న ఫోల్డర్‌కి మళ్లించి, సర్వీస్ రీస్టార్ట్ చేశాను. అయినా లాగ్‌లో 'కోర్ డంప్డ్' అన్న మాట రావడం లేదు.

చైల్డ్ ప్రాసెస్ రూట్ నుంచి వేరే యూజర్‌కి మారాక కూడా కోర్ రాయాలంటే ఇంకా ఏ సెట్టింగ్ మార్చాలి?