రెండో బ్యాచ్ ఏం కాచాలి? గోధుమ బీరా, స్టౌటా, లాగరా?

ఫ్రిస్కో_కొత్తోడు:
అందరికీ నమస్తే. జూలైలో మొదటిసారి ఇంట్లో బీరు కాచాను. అమెరికన్ పేల్ ఏల్ అనే లేత రంగు బీరు కిట్, 5 గ్యాలన్లు, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తిన బార్లీ సారం), క్యాస్కేడ్ హాప్స్ (చేదిచ్చే పువ్వులు), యూఎస్-05 ఈస్ట్. బకెట్‌ని బట్టల అల్మరాలో పెట్టాను. ఇక్కడ టెక్సాస్‌లో మా ఇంట్లో ఏసీ 76 ఫారెన్‌హీట్ మీద ఉంటుంది. తాగితే మొదటి గుక్క బాగానే ఉంది, రెండో గుక్కకి గొంతులో మంట, వెనకాలే నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన. 46 సీసాలొస్తే 30 దాకా ఎలాగోలా లాగించాం. ఇప్పుడు రెండోది. హెఫెవైజెన్ (గోధుమ బీరు), డ్రై స్టౌట్ (నల్లటి బీరు), లాగర్ (చల్లగా పులిసే బీరు), ఈ మూడింటి మధ్య కొట్టుకుంటున్నా. రెండో ఫ్రిజ్ లేదు. బడ్జెట్ 60 డాలర్లు. అల్మరా ఇంక దొరకదు, పట్టుచీరలకి పులిసిన వాసన పట్టిందని మా ఆవిడ తాళం వేసేసింది.

నురగరాయుడు:
తమ్ముడూ, మూడూ వద్దు. అదే పేల్ ఏల్ మళ్ళీ కాచు.
ఆ వాసన స్టైల్‌ది కాదు, వేడిది. గది 76 ఉంటే బకెట్ లోపల 76 ఉండదు. ఈస్ట్ చక్కెర తినేటప్పుడు వేడి పుడుతుంది, మొదటి రెండు మూడు రోజులు లోపల 80 దాటే ఉంటుంది. యూఎస్-05ని 64-68 మధ్య ఉంచితే బుద్ధిగా ఉంటుంది. ఇప్పుడు స్టైలూ ఈస్టూ రెండూ మార్చేస్తే ఏది తప్పయిందో నీకెలా తెలుస్తుంది? పులుసులో ఉప్పెక్కువైందని మర్నాడు బిర్యానీ వండితే పులుసు పెట్టడం వస్తుందా?
పెద్ద టబ్‌లో నీళ్ళు పోసి బకెట్ అందులో దించు. పాత టీషర్టు తొడుగు, అంచు నీళ్ళలో మునగాలి. పక్కన ఫ్యాన్. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి గడ్డకట్టిన నీళ్ళ బాటిల్ వెయ్యి. నేను ఒకే రెసిపీ 11 సార్లు కాచాను. మాట వరసకి చెప్పడం లేదు, నోట్‌బుక్ ఉంది.

బనానా_బ్యాచ్:
హెఫె. ఇంకో ఆలోచన పెట్టుకోకు.

కాకర_బాబాయ్:
11 సార్లు ఒకే బీరా రాయుడు గారూ! సంధ్యావందనం కూడా అంత నిష్ఠగా చేసి ఉండరు.
బాబూ, లాగర్ కాచు. మనవాళ్ళు తాగి పెరిగింది కింగ్‌ఫిషర్, అది లాగరే. నాకు తగిలిన దెబ్బ చెప్తా విను. మొన్నటి ముందు దీపావళికి స్టౌట్ కాచాను. వేయించిన బార్లీ నేనే దంచుకున్నా, ఆరు వారాలు పిల్లాడిని చూసుకున్నట్టు చూసుకున్నా. ఇంటికి 14 మంది వచ్చారు. మా బావమరిది గ్లాసు ఎత్తి లైటు కేసి చూసి "ఏంటి బావా, కషాయమా?" అన్నాడు. ఒక్క చుక్క నాలిక్కి తాకించి, నా కళ్ళ ముందే సింక్‌లో ఒంపేసి, తను తెచ్చుకున్న లాగర్ క్యాన్ టప్‌మని తీశాడు. ఆ టప్ ఇంకా చెవిలోనే ఉంది. 40 సీసాలు సంక్రాంతి దాకా గ్యారేజ్‌లో పడి ఉన్నాయి.

నురగరాయుడు:
ఫ్రిజ్ లేదని మొదటి పోస్ట్‌లోనే రాశాడు బాబాయ్. లాగర్ 50-55లో పులవాలి, తర్వాత గడ్డకట్టే చలికి దగ్గరగా వారాల తరబడి నిలవ ఉండాలి. లాగర్ అనే మాటకి జర్మన్‌లో అర్థమే నిలవ. టెక్సాస్‌లో, టబ్‌లో, టీషర్టుతో 50 ఎలా తెస్తాడు?

కాకర_బాబాయ్:
34/70 అనే లాగర్ ఈస్ట్ వాడితే 65లో కూడా శుభ్రంగా వస్తుంది. రెండు ప్యాకెట్లు వేసుకోవాలి, అంతే.

నురగరాయుడు:
65లో పులిసింది లాగర్ కాదు.

కాకర_బాబాయ్:
మరి దోసకాయా?

శైలు_మిన్నియాపొలిస్:
మీ ఇద్దరి థర్మామీటర్ గొడవలో ఆ అబ్బాయి పారిపోయేలా ఉన్నాడు. హెఫెవైజెన్‌కి నా ఓటు. వీట్ ఎక్స్‌ట్రాక్ట్ ఒకటే రకం, హాప్స్ ఔన్స్ చాలు, మబ్బుగా ఉన్నా ఎవరూ అడగరు, మబ్బుగానే ఉండాలి. అందులో వచ్చే అరటిపండు, లవంగం వాసనలు ఈస్ట్ ఇచ్చేవే. కాస్త చల్లగా 62 దగ్గర ఉంచితే లవంగం, 70 దాటితే అరటిపండు. ఒక్క జాగ్రత్త. నురగ విపరీతంగా పొంగుతుంది. నేను మామూలు ఎయిర్‌లాక్ (గాలి బయటికి పోనిచ్చే చిన్న బిరడా) పెట్టి పడుకుంటే రాత్రి రెండింటికి మూత లేచి బేస్‌మెంట్ సీలింగ్‌కి తగిలింది. ఇడ్లీపిండి గిన్నెలో అంచు దాకా పోస్తే ఏమవుతుందో అదే, కాకపోతే శబ్దంతో. లావు గొట్టం పెట్టి రెండో కొస నీళ్ళ జగ్గులో ముంచు.

బనానా_బ్యాచ్:
కరెక్ట్ బ్రో.

శైలు_మిన్నియాపొలిస్:
బ్రో కాదు, అక్క.

ఓరుగల్లు_పోరడు:
అన్నా, టెక్సాస్ల గీ ఐసు బాటిళ్ళ లొల్లి ఎందుకే? నార్వే పల్లెటూళ్ళల్ల వాడే క్వైక్ ఈస్ట్ ఉంది. వోస్ రకం తెచ్చుకో. 95 డిగ్రీలల్ల గూడ మంచిగ పులుస్తది, నారింజ తొక్క వాసనొస్తది. గ్యారేజ్ల వెట్టి మర్శిపో.

మాదాపూర్_మౌనం:
ఎప్పుడూ చదవడమే, మొదటిసారి రాస్తున్నా. హైదరాబాద్‌లో ఇంట్లో చేసుకోవచ్చా?

శైలు_మిన్నియాపొలిస్:
వద్దు తమ్ముడూ. అక్కడ లైసెన్స్ లేకుండా కాస్తే 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద కేసు. ఇక్కడ అమెరికాలో 1978లో కేంద్రం అనుమతిచ్చింది, అదీ సొంతానికే. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అమ్మకూడదు. నువ్వు మీ ఊళ్ళో మైక్రోబ్రూవరీకి వెళ్ళి హెఫె తాగిరా.

నురగరాయుడు:
అసలు విషయానికొద్దాం. కాకర బాబాయ్ స్టౌట్ చెడగొట్టుకుని ఆ కోపంతో కుర్రాడికి లాగర్ అంటగడుతున్నారు. వేయించిన బార్లీ ఎక్కువైతే ఎవరైనా కషాయమనే అంటారు. పది శాతం చాలు.

కాకర_బాబాయ్:
చెడగొట్టుకున్నానా? అదే బ్యాచ్ మా ఊరి హోంబ్రూ క్లబ్ పోటీకి పంపితే 50కి 34 వచ్చాయి. జడ్జి కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంది, ఫోటో పెట్టమంటారా? బీరు బాగుంది రాయుడు గారూ. బాగున్నా పారబోశారు. అది మీ నోట్‌బుక్‌లో ఏ గడిలో రాస్తారు? ఇంతకీ మీ 11 బ్యాచ్‌లు ఎవరు తాగారు?

ఓరుగల్లు_పోరడు:
అబ్బో.

నురగరాయుడు:
నేనే తాగాను. ఈ ఊళ్ళో నాకు బీరు పోయడానికి ఎవరూ లేరు. శనివారం పొద్దున కాస్తాను, శుక్రవారం రాత్రి ఒకటి తాగుతాను, నోట్‌బుక్‌లో రాసుకుంటాను. మెచ్చుకునేవాళ్ళు లేరు, పారబోసేవాళ్ళూ లేరు. అందుకే నా నాలుకకి సరిపోయేదాకా కాచాను. తొమ్మిదోది సరిపోయింది. మీరు బావమరిది కోసం కాస్తున్నారు, నేను బీరు కోసం కాస్తున్నాను.

కాకర_బాబాయ్:
14 మంది కూర్చున్న చోట బీరు కోసం బీరు కాయడం కుదరదండీ. వాళ్ళు తాగితేనే అది బీరు.

శైలు_మిన్నియాపొలిస్:
అడిగినవాణ్ణే అడగండి. కొత్తోడూ, ఎవరికి పోద్దామని?

ఫ్రిస్కో_కొత్తోడు:
ముందే చెప్పాల్సింది. నవంబర్ మొదటి వారంలో మా నాన్న వస్తున్నారు, మొదటిసారి. రాజమండ్రిలో జీతం వచ్చిన రోజు ఒక్క బీరు తాగేవారు, డాబా మీద, సగం సీసా పేపర్లో చుట్టుకుని. నాకు ఎప్పుడూ పోయలేదు, నేనూ అడగలేదు. నేను కాచింది ఆయనకి పోద్దామని. ఆయనకి చేదు పడదు, నలుపు చూస్తే కషాయం అనుకుంటారు. ఇవాళ సెప్టెంబర్ 20.

కాకర_బాబాయ్:
ఇది దాచి మా ఇద్దరితో ఇంతసేపు కుస్తీ పట్టించావా! ఇంకేం, లాగరే. ఆయన తాగింది అదే.

నురగరాయుడు:
తాగింది అదే, కాబట్టే వద్దు. ఫ్యాక్టరీ లాగర్ ఆ నాలికకి కంఠతా వచ్చు, ఏ చిన్న తేడా ఉన్నా పట్టేస్తుంది. వారాలూ చాలవు. బ్లాండ్ ఏల్ కాచు తమ్ముడూ. లేత రంగు, చేదు కొలత (ఐబీయూ) 20 దాటనివ్వకు, అదే యూఎస్-05. లేత ఎక్స్‌ట్రాక్ట్‌లో ఒక పౌను రైస్ సిరప్ సాలిడ్స్ (బియ్యంతో చేసిన చక్కెర పొడి) కలుపు, బీరు ఒళ్ళు తేలికవుతుంది. గోదావరి జిల్లా మనిషికి బియ్యం కొత్త కాదుగా. బకెట్‌లో రెండు వారాలు, సీసాలో రెండు వారాలు, ఫ్రిజ్‌లో ఓ వారం. సరిపోతుంది. పేల్ ఏల్ మళ్ళీ కాయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

బనానా_బ్యాచ్:
స్క్రీన్‌షాట్ తీశా. రాయుడు గారు మాట వెనక్కి తీసుకున్నారు.

కాకర_బాబాయ్:
సరే, బ్లాండే కానీ. ఈస్ట్ మాత్రం 34/70 వెయ్యి, 65లోనే.

ఫ్రిస్కో_కొత్తోడు:
బుధవారం కాచాను. బ్లాండ్ ఏల్, రైస్ సిరప్‌తో, యూఎస్-05. సారీ బాబాయ్. సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ 1.046 చూపించింది. బకెట్ ఇప్పుడు పిల్లల స్నానాల గదిలో టబ్‌లో ఉంది, నా కాలేజీ టీషర్టు తొడుక్కుని. "నీకంటే దానికే బాగుంది" అంటోంది మా ఆవిడ. గంటకోసారి వెళ్ళి చూస్తున్నా, గుబగుబా బుడగలొస్తున్నాయి. టెంపరేచర్ 65.

ఓరుగల్లు_పోరడు:
క్వైక్ అని మొత్తుకుంటె ఒక్కడు ఇనలే.

నురగరాయుడు:
65 ఎక్కడ చూశావు? బకెట్ లోపలా, టబ్ నీళ్ళలోనా?

ఫ్రిస్కో_కొత్తోడు:
నీళ్ళలో.